తోడేలు నోట్లో గొర్రె తల

తోడేలు నోరు తెరుచుకుని నిలబడి ఉంది. సాయంత్రం కాగానే గొర్రె వచ్చి ఆ నోట్లో తల పెట్టింది. తెల్లవారగానే తీసేసింది. మర్నాడు మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది. రెండు వందల ఏళ్లుగా ఇదే తంతు. గొర్రెకి ఒక్క గాటయినా పడలేదు!

ఇది పంచతంత్రం కథ కాదు. ఫ్రాన్సు దేశపు వడ్రంగుల పరిభాష. అక్కడి పాత ఇళ్ల కిటికీలకి రెండు రెక్కలుంటాయి. మూసినప్పుడు అవి నడిమధ్య కలుసుకుంటాయి. ఆ కలుసుకునే చోట ఒక రెక్క అంచుని పైనుంచి కిందదాకా దోనెలాగా గుండ్రంగా తొలుస్తారు. దాని పేరు 'తోడేలు నోరు'. రెండో రెక్క అంచుని ఆ దోనెలో ఇమిడేటట్టు గుండ్రంగా చిత్రిక పడతారు. దాని పేరు 'గొర్రె'.

రెండు చెక్కల్ని పక్కపక్కన ఆనించడానికి ఇంత తంటా ఎందుకు? తిన్నగా కోసి దగ్గరికి చేరిస్తే చాలదా? చాలదు. ఎందుకు చాలదో తెలియాలంటే చెక్క సంగతీ, నీటి సంగతీ కొంచెం తెలుసుకోవాలి. పదండి, ఒక పాత ఇంటికి వెళ్దాం.

బర్గండీలో ఒక ఇల్లు

ఫ్రాన్సు తూర్పు భాగంలో బర్గండీ అనే ప్రాంతం ఉంది. ద్రాక్షతోటలకీ, ఓక్ అడవులకీ, సున్నపురాతికీ పేరుపడ్డ చోటు. అక్కడి పల్లెల్లో రెండేసి వందల ఏళ్ల నాటి రాతి ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి ఒక ఇంటిని ఊహించుకోండి. గోడ మందం అరమీటరుకి పైనే. ఆ గోడలో ఒక ఓక్ కిటికీ. ఒక్కో రెక్కలో ఒకదాని మీద ఒకటిగా మూడు నాలుగు గాజుపలకలు. రెక్కలు ఇంటి లోపలికి తెరుచుకుంటాయి. బయటివైపు మరో జత చెక్క తలుపులున్నాయి. చలి రాత్రుల్లోనూ, ఎండ మండే మధ్యాహ్నాల్లోనూ వాటిని మూస్తారు. గాజు రెక్కలు లోపలికి తెరుచుకుంటేనే గదిలోంచి చెయ్యి చాపి బయటి తలుపుల్ని మూయడం వీలవుతుంది.

ఈ కిటికీ రంగు పెచ్చులు లేచిపోయింది. కింది మూలని వేలితో నొక్కితే చెక్క బెండులాగా లోపలికి దిగిపోతోంది. "ఇంకెందుకిది? పీకేసి కొత్త ప్లాస్టిక్ కిటికీ పెట్టిస్తే సరి" అంటున్నాడు ఇంటి యజమాని. "ఉండండి. జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు చూద్దాం" అంటున్నాడు ఊరి వడ్రంగి.

ఎవరి మాట సరైనది? తీర్పు చివర్లో మీరే చెప్పాలి. ముందు సాక్ష్యం వినండి.

వానాకాలపు తలుపు

వానాకాలం రాగానే మీ ఇంట్లో ఏదో ఒక తలుపు బిగుసుకుపోతుంది. భుజంతో నెడితేగాని పడదు. ఎండాకాలంలో అదే తలుపు సందుల్లోంచి వెలుతురు కనిపిస్తుంది. ఎందుకని? గాలిలో తేమ ఎక్కువైతే చెక్క దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది. తేమ తగ్గితే కుంచించుకుపోతుంది. మన టేకుకైనా, ఫ్రాన్సు ఓక్‌కైనా ఇదే ధర్మం.

అయితే ఇందులో ఒక తమాషా ఉంది. చెక్క అన్ని దిక్కులా ఒకేలాగా ఉబ్బదు. చెక్క అంటే కోట్ల కొద్దీ సన్నని గొట్టాల కట్ట అనుకోండి. ఆ గొట్టాలు చెట్టు నిలువునా ఉంటాయి. గొట్టాల గోడల్లో సెల్యులోజ్ అణువులు పొడవాటి దారాల్లాగా ఎక్కువగా నిలువునానే పేర్చి ఉంటాయి. నీరు వెళ్లి ఆ దారాల మధ్యన దూరుతుంది. అప్పుడు దారాలు ఒకదానికొకటి ఎడంగా జరుగుతాయి. అంటే కట్ట లావెక్కుతుంది. కాని దారాలు సాగవు కాబట్టి కట్ట పొడవు పెరగదు.

పచ్చి ఓక్ చెక్క పూర్తిగా ఎండేసరికి వార్షిక వలయాల వెంబడి సుమారు 8 శాతం కుంచించుకుపోతుంది. చెట్టు నడిమి నుంచి బెరడు వైపు, అంటే వలయాలకి అడ్డంగా, సుమారు 4 శాతం మాత్రమే తగ్గుతుంది. నిలువునా అయితే తగ్గేది వెయ్యింట ఒకటో రెండో వంతులు. అంతే!

ఈ మూడు అంకెల్నీ గుర్తుపెట్టుకోండి. కిటికీ పనితనం చాలావరకు వీటిమీదే నడుస్తుంది.

ఆ రోజుల్లో వడ్రంగులకి సెల్యులోజ్ పేరు తెలియదు. కాని దాని గుణం చేతికి తెలుసు. మంచి కిటికీ చెయ్యాలంటే దుంగని కమలాపండు తొనల్లాగా మధ్య నుంచి బయటికి చీల్చేవారు. అలా తీసిన పలకలో వెడల్పు వైపున ఉండేది 4 శాతం దిక్కు, 8 శాతం దిక్కు కాదు. ఆ పలక తక్కువ ఉబ్బుతుంది, వంకరపోదు. చీల్చిన చెక్కని ఏళ్ల తరబడి నీడలో, గాలిలో ఆరబెట్టి గాని పనిలో పెట్టేవారు కాదు.

నాలుగు పట్టెల లెక్క

ఇప్పుడొక చిన్న లెక్క చేద్దాం. కిటికీ వెడల్పు మీటరు అనుకుందాం. పలకల్ని నిలువుగా పక్కపక్కన చేర్చి తలుపు చేశామనుకోండి. వానాకాలంలో చెక్క అడ్డంగా 1 శాతం ఉబ్బిందనుకుందాం. మీటరులో 1 శాతం అంటే 10 మిల్లీమీటర్లు. వేలెడు మందం! ఆ తలుపు మూసుకోనే మూసుకోదు.

కిటికీ రెక్క అలా చేయరు. రెండు నిలువు పట్టెలు, రెండు మూడు అడ్డ పట్టెలు కలిపి చట్రంగా బిగిస్తారు. మధ్యలో గాజు. ఒక్కో నిలువు పట్టె వెడల్పు 6 సెంటీమీటర్లు అనుకోండి. రెండు రెక్కలకి నాలుగు పట్టెలు, మొత్తం 24 సెంటీమీటర్లు. వెడల్పులో ఉబ్బేది ఆ 24 సెంటీమీటర్లే. మిగతా వెడల్పంతా అడ్డ పట్టెలది. అవి పడుకుని ఉన్నాయి కాబట్టి వాటి పొడవు మారదు. 24 సెంటీమీటర్లలో 1 శాతం ఎంత? 2.4 మిల్లీమీటర్లు. అదే చెక్క, అదే వాన. అమరిక మారేసరికి 10 కాస్తా 2.4 అయింది!

ఆ 2.4 మిల్లీమీటర్లు మాత్రం ఎటు పోవాలి? అక్కడే మన తోడేలు నోరు పనికొస్తుంది. గొర్రె తల నోటి లోపలికంటా ఆనకుండా కొంచెం ఖాళీ ఉంచుతారు. వానాకాలంలో రెక్కలు ఉబ్బితే తల ఇంకొంచెం లోపలికి జరుగుతుంది. ఎండాకాలంలో కుంచించుకుపోతే కొంచెం వెనక్కి వస్తుంది. కాని నోట్లోంచి బయటికి రాదు. కాబట్టి సందు తెరుచుకోదు.

పైగా గాలి దూరాలన్నా తిన్నగా దూరే దారి లేదు. వంపు తిరిగి, మళ్లీ వంపు తిరిగి రావాలి. వంపు వంపుకీ జోరు తగ్గిపోతుంది. గాలి వెంట వచ్చే వాననీరు కూడా ఆ వంపులో ఆగి కిందికి జారిపోతుంది.

మరి నలుచదరపు గాడి చేయకుండా గుండ్రంగానే ఎందుకు చేశారు? కిటికీ రెక్క తిన్నగా ముందుకు రాదు, బందుల చుట్టూ తిరుగుతూ వస్తుంది. దాని అంచు గాలిలో వృత్తఖండం గీస్తుంది. నలుచదరపు అంచు తిరుగుతూ నలుచదరపు గాడిలోకి దిగబోతే మూల తగిలి ఆగిపోతుంది. గుండ్రని అంచు అయితే జారుతూ దిగుతుంది. మీ లెక్కల పుస్తకంలోని వృత్తమే ఇక్కడ చెక్కలో ఉంది, అంతే.

రెండు రెక్కల్నీ ఒకేసారి నెట్టి మూయాలి. ఆ తర్వాత పైనుంచి కిందదాకా ఉన్న ఇనుప కడ్డీని పిడి పట్టుకుని తిప్పాలి. కడ్డీ రెండు చివర్లా కొక్కేలుంటాయి. అవి చట్రాన్ని పట్టుకుని రెక్కల్ని గట్టిగా లాగి బిగిస్తాయి. ఈ గడియని అక్కడ 'ఎస్పాన్యొలెట్' అంటారు.

మేకు కొట్టని కిటికీ

మన కిటికీ చట్రాన్ని ఎంత వెతికినా మూలల్లో ఒక్క ఇనుప మేకు కనిపించదు. అడ్డ పట్టె చివర కుసి తీశారు. నిలువు పట్టెలో బెజ్జం తొలిచారు. కుసిని బెజ్జంలో దిగేశారు. రెండింటినీ కలిపి రంధ్రం పొడిచి ఓక్ చీల కొట్టారు. మన ఊళ్ల వడ్రంగులూ ఇలాగే చేస్తారు, చూసే ఉంటారు.

ఇందులో ఒక ఉపాయం ఉంది. కుసిలో రంధ్రాన్ని బెజ్జం రంధ్రానికి ఎదురుగా సరిగ్గా పెట్టరు. ఒక మిల్లీమీటరో, రెండో పక్కకి జరిపి పెడతారు. చీల దిగుతున్నకొద్దీ రెండు రంధ్రాలూ ఒక వరసకి రావాలని చూస్తాయి. దాంతో కుసి ఇంకా లోపలికి లాగబడి కీలు బిర్రుగా బిగుస్తుంది. జిగురుతో పని లేదు. అప్పటి జిగురు పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. తడి తగిలితే కరుగుతుంది. వానలో నిలబడే కిటికీకి అది ఎలాగూ పనికిరాదు.

ఇనుప మేకు ఎందుకు కొట్టలేదు? ఓక్ చెక్కలో టానిన్ అనే పదార్థం పుష్కలంగా ఉంది. తడి ఉన్నచోట ఇనుమూ, టానిన్ కలిస్తే నల్లని పదార్థం పుడుతుంది. మేకు చుట్టూ చెక్క నల్లబడుతుంది, మేకు తుప్పుపట్టి చిక్కిపోతుంది. ఐరోపాలో వందల ఏళ్లపాటు ఈ రసాయన చర్యతోనే రాతసిరా చేసుకున్నారు. మనకీ ఇది కొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీ బట్టమీద నల్లగీతలు చూశారా? ముందు బట్టని కరక్కాయ నీళ్లలో తడుపుతారు. కరక్కాయలో ఉన్నది టానినే. తుప్పుపట్టిన ఇనుమూ, బెల్లం నీళ్లలో నానబెట్టి తీసిన ద్రవంతో దాని మీద గీస్తే గీత నల్లబడుతుంది. కలంకారీ కళాకారుడు కోరి చేసే చర్యే కిటికీకి కీడు చేస్తుంది. బందులూ, గడియా ఇనుపవే అయినా వాటికి రంగు పూసి తడి తగలకుండా కాపాడతారు.

ఓక్ చేవకి ఇంకో గుణం కూడా ఉంది. చెట్టు ముదిరేటప్పుడు నడిమి చెక్కలోని దారునాళాలు లోపలినుంచి బుడగల్లాంటి పెరుగుదలతో మూసుకుపోతాయి. అందుకే నీరు సులువుగా లోపలికి పారదు. బర్గండీలో ద్రాక్షసారా నిలవచేసే పీపాలు ఈ చెక్కతోనే చేస్తారు. పీపాలో ద్రవం బయటికి కారనివ్వని గుణమే కిటికీలో వానని లోపలికి రానివ్వదు.

నీటికి దారి

ఇంత పనితనం ఉండి కూడా మన కిటికీ కింది మూల ఎందుకు కుళ్లింది?

చెక్క కుళ్లడమంటే శిలీంధ్రాలు దాన్ని తినడమే. వాటికి గాలి కావాలి, ఆహారం కావాలి, నీరు కావాలి. గాలిని ఆపలేం. ఆహారం చెక్కే. ఇక మన చేతిలో ఉన్నది నీరొక్కటే. చెక్క ఎండు బరువులో సుమారు 20 శాతానికి మించకుండా తేమని ఉంచితే శిలీంధ్రాలు పెరగలేవు. చెక్క తడిసినా ఫరవాలేదు, తొందరగా ఆరితే చాలు. తడి నిలిచిపోవడమే ముప్పు.

పాత వడ్రంగి ఈ సంగతి ఎరిగి నీటికి ఒక్కో మెట్టులో ఒక్కో దారి పెట్టాడు. గాజుమీద పడ్డ వాన కిందికి జారుతుంది. రెక్క అడుగున ఉన్న అడ్డ పట్టె బయటికి పొట్టలాగా పొడుచుకొచ్చి ఉంటుంది. నీరు ఆ పొట్టమీదుగా జారి గోడకి దూరంగా పడుతుంది. కాని నీటికి తలతన్యత ఉంది కదా! అది అంచు దగ్గర పడిపోకుండా, పట్టె అడుగుభాగాన్ని పట్టుకుని వెనక్కి పాకుతుంది. దాన్ని ఆపడానికి అడుగున పొడుగునా ఒక గాడి తీశారు. నీరు ఆ గాడి అంచు దాకా వచ్చి, పైకి ఎక్కలేక బొట్టుబొట్టుగా రాలిపోతుంది. మీ ఇంటి కిటికీమీది సన్‌షేడ్ అడుగున కూడా ఇలాంటి గాడి ఉందేమో తలెత్తి చూడండి. అదీ ఇందుకే.

లోపలివైపు ఇంకో నీరుంది. చలికాలంలో గాజు చల్లగా ఉంటుంది. గదిలోని మనుషుల ఊపిరిలోంచీ, వంటలోంచీ వచ్చిన నీటి ఆవిరి దానిమీద చెమ్మగా పేరుకుంటుంది. ఐసునీళ్ల గ్లాసు బయట బొట్లు పట్టినట్టే. ఆ బొట్లు కిందికి జారి కిటికీ గడప మీదికి చేరతాయి. అందుకని గడపలో ఒక చిన్న కాలువ తొలిచి, అందులోంచి బయటికి పెన్సిలంత రంధ్రం పెట్టారు. లోపలి నీరు ఆ రంధ్రంలోంచి బయటికి పోతుంది.

వడ్రంగి మోకాళ్లమీద కూర్చుని ఆ రంధ్రం కోసం వెతికాడు. కనిపించలేదు! పొరమీద పొరగా వేసిన రంగు దాన్ని మూసేసింది. ఏళ్ల తరబడి గడపలో చేరిన నీరు బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచింది. పక్కనే నిలువు పట్టె కొస ఉంది. చెక్క పక్కలనుంచి కంటే కొసలనుంచి నీటిని చాలా ఎక్కువగా పీలుస్తుంది. గొట్టాల నోళ్లు అక్కడే తెరుచుకుని ఉంటాయి మరి. జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలిపోయింది. కిటికీ ముసలిదై చావలేదు, దాని ముక్కు మూసేశారు!

కిటికీకి కూడా పన్ను

ఈ పల్లె ఇళ్లలో కిటికీలు తక్కువగా, చిన్నవిగా ఉంటాయి. చలి ఒక కారణం. గాజు ఖరీదు ఒక కారణం. గాజు కొనలేనివాళ్లు చట్రానికి నూనె పూసిన కాగితమో, గుడ్డో అంటించేవారు. వెలుతురు మసకగా వచ్చేది, బయటేముందో కనిపించేది కాదు.

మూడో కారణం ప్రభుత్వం. 1798లో ఫ్రాన్సులో ఇంటి తలుపులమీదా, కిటికీలమీదా పన్ను వేశారు. ఎన్ని ఉంటే అంత పన్ను. అధికారి లోపలికి రానక్కర్లేదు, బయట నిలబడి లెక్కపెట్టుకుంటే చాలు. పేదవాడు పన్ను తప్పించుకోవాలంటే చీకట్లో బతకాలి. విక్టర్ హ్యూగో 1862లో రాసిన 'లే మిజరాబ్ల్' నవలలో ఒక బిషప్పు ఈ పన్నువల్ల గాలీ వెలుతురూ కరవైన గుడిసెల గురించి వాపోతాడు. ఆ నవల ఆధారంగానే తెలుగులో 'బీదల పాట్లు' సినిమా వచ్చింది. ఆ పన్నుని 1926లోగాని ఎత్తెయ్యలేదు.

గాజు కారుతుందా?

పాత కిటికీ గాజులోంచి చూస్తే బయటి చెట్లు అలలమీద ఉన్నట్టు వంకరటింకరగా కనిపిస్తాయి. కొన్ని పలకలు కింద మందంగానూ, పైన పల్చగానూ ఉంటాయి. "గాజు నిజానికి ద్రవమే. వందల ఏళ్లలో మెల్లగా కిందికి కారింది" అని చాలామంది చెబుతారు. నమ్మకండి!

2017లో కొందరు శాస్త్రజ్ఞులు లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబీకి చెందిన మధ్యయుగపు గాజు కూర్పుతోనే గాజు తయారుచేసి పరీక్షించారు. మామూలు వేడిమి దగ్గర అది వంద కోట్ల ఏళ్లలో కారినా ఒక నానోమీటరుకి మించదని తేల్చారు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు. రెండు వందల ఏళ్లు దానికో లెక్కా?

మందంలో తేడా పుట్టుకతో వచ్చిందే. ఆ రోజుల్లో గాజుని గొట్టంతో ఊది పొడవాటి పీపాలాగా చేసేవారు. రెండు చివర్లూ కోసి, నిలువునా చీల్చి, కొలిమిలో మెత్తబరిచి పలకగా పరిచేవారు. కొన్నిచోట్ల ఊదిన బుడగని గిరగిరా తిప్పి పళ్లెంలాగా విచ్చుకునేటట్టు చేసేవారు. ఎలా చేసినా ఒకచోట మందం, ఒకచోట పల్చన తప్పదు. కరిగిన తగరం మీద గాజుని తేల్చి సమంగా చేసే పద్ధతి ఇంగ్లండులో 1959లోగాని బయటికి రాలేదు. కాబట్టి ఆ అలలు గాజు ముసలితనం కాదు, ఊదినవాడి ఊపిరి జాడ.

గాజుని చట్రంలో నిలబెట్టేది లప్పం. సుద్దపొడినీ, అవిసె నూనెనీ కలిపి ముద్దచేస్తే అదే లప్పం. అది నీరు ఆరిపోయి గట్టిపడేది కాదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ని పుచ్చుకుని గట్టిపడుతుంది.

వడ్రంగి రాసిన శాస్త్రగ్రంథం

ఈ విద్యంతా నోటిమాటగా, చేతివాటంగా గురువు నుంచి శిష్యుడికి వచ్చేది. దాన్ని పుస్తకానికి ఎక్కించినవాడు ఆంద్రే జాకబ్ రుబో. 1739లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి వడ్రంగి, తాత వడ్రంగి, తనూ వడ్రంగే. కుర్రవాడి తెలివి చూసి బ్లొందెల్ అనే పేరున్న వాస్తుశిల్పి డబ్బు తీసుకోకుండా చదువు చెప్పాడు. రుబో 1769 నుంచి 1775 వరకు 'వడ్రంగి కళ' అనే గ్రంథాన్ని భాగాలుగా వెలువరించాడు. దాదాపు 380 పెద్ద బొమ్మలు తనే గీశాడు. తలుపులూ, కిటికీలూ, వాటి అంచుల వంపులూ అన్నీ కొలతలతో సహా చూపించాడు. దాన్ని ప్రచురించింది ఎవరనుకున్నారు? ఫ్రాన్సు రాజ విజ్ఞాన పరిషత్తు! పనివాడి చేతిలో ఉన్న తెలివి కూడా విజ్ఞానమేనని ఆ పరిషత్తు ఒప్పుకుందన్నమాట.

నోటిమాట చదువూ ఆగిపోలేదు. ఫ్రాన్సులో యువ వడ్రంగులు ఊరూరా తిరిగి, ఒక్కోచోట ఒక్కో గురువు దగ్గర పనిచేసి నేర్చుకునే సంప్రదాయం ఇప్పటికీ ఉంది. యునెస్కో 2010లో దాన్ని మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చింది.

తీర్పు చెప్పండి

మళ్లీ మన ఇంటికి వద్దాం. యజమాని మాటలో కూడా నిజం ఉంది. ప్లాస్టిక్ కిటికీ కుళ్లదు, దానికి ఏటేటా రంగు అక్కర్లేదు. రెండు గాజుల మధ్య గాలిని బంధించిన జంటగాజు కిటికీలోంచి పోయే వేడి, ఒంటిగాజులోంచి పోయేదానిలో దాదాపు సగమే. చలిదేశంలో అది చిన్న విషయం కాదు.

వడ్రంగి మాట కూడా వినాలి కదా! "కుళ్లింది అరచెయ్యంత ముక్క. మిగిలిన చేవ రాయిలాగా ఉంది. చీలలు తడితే రెక్క విడివడుతుంది. కుళ్లిన చోటుని మంచి చెక్క తగిలేదాకా ఏటవాలుగా కోసి, అదే దిక్కున నార ఉన్న ఎండు ఓక్ ముక్కని అతుకుతాను. ఏటవాలు ఎందుకంటే అతుకు మీద నీరు నిలవదు. రంధ్రం తెరుస్తాను. చలి సంగతి అంటారా, గోడ అరమీటరు మందం. లోపలివైపు మరో గాజు కిటికీ పెట్టుకోవచ్చు. రెండింటి మధ్యా గాలి నిలబడుతుంది, రాత్రి బయటి తలుపులు మూస్తే మరీ మంచిది. రేపు మళ్లీ ఒక మూల పాడైతే ఆ మూల ఒక్కటే మారుస్తాం. ప్లాస్టిక్ చట్రం విరిగితే అతుకు వెయ్యలేం, మొత్తం మార్చాల్సిందే."

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాడు. పాత రంగుల్లో సీసం ఉంటుంది. అది విషం. జెనీవాలో 1921లోనే తెల్లసీసపు రంగుల వాడకాన్ని కట్టడి చేస్తూ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. అందుకని పొడి రంగుని గీకి దుమ్ము లేపకూడదు. తడిపి, ముక్కుకి తగిన తొడుగు పెట్టుకుని, పిల్లల్ని దూరంగా పంపి తీయాలి.

సాక్ష్యం అంతా విన్నారు. ఒక్క మాట మాత్రం గమనించండి. ఆ పాత పనివాడు చెక్కతో కుస్తీ పట్టలేదు. ఉబ్బుతానంటే ఉబ్బడానికి చోటిచ్చాడు. నీటితోనూ కుస్తీ పట్టలేదు. పోతానంటే పోవడానికి దారి ఇచ్చాడు. వాటి గుణం తెలుసుకుని చోటూ, దారీ ఇచ్చినంతకాలం అవి అతని మాట విన్నాయి. పెన్సిలంత దారి మూసేసరికి కథ అడ్డం తిరిగింది.

ఇక తీర్పు మీదే.

చేసి చూడండి

1. ప్లాస్టిక్ స్కేలుని ఒక చివర పట్టుకుని, రెండో చివర కొంచెం ఎత్తుగా ఉండేటట్టు చాపండి. ఎత్తు చివర అడుగుభాగాన రెండు మూడు చుక్కల నీళ్లు పెట్టండి. అవి పడిపోకుండా అడుగునే పాకుతూ మీ చేతివైపు వస్తాయి. ఇప్పుడు స్కేలు అడుగున అడ్డంగా సన్నని మైనపు గట్టు పెట్టి మళ్లీ చెయ్యండి. నీళ్లు ఎక్కడ రాలుతున్నాయి?

2. పాలు కలపని చిక్కని టీ డికాక్షన్‌లో గాని, కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో గాని తుప్పుపట్టిన మేకు వేసి ఒక రోజు ఉంచండి. రంగు ఎలా మారింది? (నోట్లో పెట్టుకోకండి!)

3. మీ ఇంట్లో చెక్క తలుపుకీ, గుమ్మానికీ మధ్య సందుని ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి కొలిచి రాసుకోండి. పైన సందు ఎక్కువ మారిందా, పక్కన సందు ఎక్కువ మారిందా? ఎందుకో మీకిప్పుడు తెలుసు.